తుమ్మిన రాయి

కంకణగిరి కోటకు పడమటి కొమ్మున తుమ్మెద బురుజు ఉంది. పండిన ఈతపండు రంగు రాళ్లతో, మబ్బులకు నిచ్చెన వేసినట్టు నిలబడ్డ బురుజు అది. రాయికీ రాయికీ నడుమ మీగడ గీతల్లాంటి సున్నపు దర్జులు. పై వరుసల్లో గాలి కోసం వదిలిన సన్నని కంతలు. సముద్రం మీది గాలి ఊరి వైపు తిరిగిందంటే చాలు, ఆ కంతల్లో దూరి బురుజంతా జుమ్మని మోగేది. ఆ మోత వింటూ కింద సాలెవీధిలో మగ్గాలు ఆడేవి, ఉయ్యాలల్లో పిల్లలు నిద్రపోయేవారు.

ఇప్పుడు ఆ మోత లేదు. మొదలు నుంచి మెడ దాకా బురుజంతా కాటుక కన్నా నల్లని లేపం కప్పుకుని ఉంది. రాజగురువు ధూమకర్ణుడు తన మంత్రంతో పుట్టించిన లేపం అది. పూసీ పూయగానే ఇనుములా బిగిసిపోతుంది. లోపలి రాయికి పట్టిన చెమ్మ బయటికి పోయే దారి లేక, రాయి లోలోపలే ఉబ్బి పొరలు పొరలుగా రాలిపోతోంది. అయితే అదంతా లేపం మాటున జరిగే పని. పైకి మాత్రం గోడ అద్దంలా నిగనిగలాడుతుంది కనుక చూసినవాళ్లంతా ఆహా అంటున్నారు.

ఆ ఉదయం కోటవాకిట్లోకి ఒక గాడిద వచ్చింది. దానికి అటూ ఇటూ సున్నం కుండలు. గాడిద ముందు భారీమనిషి ఒకామె, నడుం బిగించి, చెవులకు పెద్ద కమ్మలు ఊపుకుంటూ నడుస్తోంది. గాడిద వెనక ఇసుకతట్ట నెత్తిన పెట్టుకుని ఒక పడుచువాడు, మెడ వణుకుతుంటే, అడుగులో అడుగేస్తున్నాడు.

"ఒరే ఎల్లప్పా, తట్ట మోయమంటే పల్లకీలో కూర్చున్నట్టు ఆ నడకేమిట్రా? నీకంటే ఈ గాడిద నయం. దీనికి కనీసం చెవులైనా ఆడతాయి" అంది ఆమె.

కాపలా భటులు పగలబడి నవ్వారు. నవ్వేవాళ్లు సోదా చేయరు. తలుపు తెరిచి లోపలికి వదిలేశారు.

గాడిద మలుపు తిరిగాక పడుచువాడు తట్ట కిందికి దించి మెడ నిమురుకున్నాడు. అతను ఎల్లప్ప కాదు. శతధార రాజ్యపు చిన్న రాకుమారుడు మణికేతు. కత్తి తిప్పడంలో, గుర్రమెక్కడంలో అతనికి సాటి లేదని అంటారు గానీ, ఇసుకతట్ట మోయడంలో అతనికి ఎవరూ పోటీ పెట్టలేదు.

"సింగమ్మా, మరీ గాడిదతో పోల్చాలా?" అన్నాడు.

"అత్తా అనండి బాబుగారూ. గోడలకు చెవులుంటాయి. ఇక్కడి గోడలకైతే ముక్కులు కూడా ఉన్నాయి" అంది సింగమ్మ.

ఆ మాటకు మణికేతు తలెత్తి తుమ్మెద బురుజు వైపు చూశాడు.

సింగమ్మ వాళ్లది తరతరాలుగా తుమ్మెద బురుజు సున్నం పని చూసుకునే ఇల్లు. పోయిన వర్షాకాలం ముందు ఆమె పై వరుసకు సున్నం కొడుతుండగా అక్కడ తనకు తెలియని రాయి ఒకటి కనిపించింది. ఆ కొండ రాయి కాదు, ఆ రంగు కాదు. ఇదెవరు పెట్టారా అనుకుంటూ దాని మీద సున్నం చల్లింది. రాయి తుమ్మింది. ఆమె భయపడకుండా "చిరంజీవ" అంది. అలవాటు కొద్దీ రాయి "కృతజ్ఞుణ్ణి" అంది. మర్నాటికి ధూమకర్ణుడు ఆమెను పనిలోంచి తీసేసి, బురుజుకు నల్లలేపం మొదలుపెట్టాడు. సింగమ్మ ఊరుకోలేదు. మాట తీరు శతధార వాళ్లదిలా ఉందని గుర్తుపట్టి, కాలినడకన ఆ రాజ్యం చేరి, వేటకు పోయి తిరిగిరాని పెద్ద రాకుమారుడు రత్నకేతు ఎక్కడున్నాడో చెప్పింది.

ఈ రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ ధూమకర్ణుడు ఆ పై వరుసకు కూడా లేపం పూస్తాడు. మంత్రం తెగకుండా ఆ చివరి వరుస పూర్తయిందా, అతను రాయిగా మార్చి గోడలో పెట్టిన రత్నకేతుకు ఊపిరి ఆగిపోతుంది. ఒక రాజవంశపు ఊపిరి మింగిన బురుజు ధూమకర్ణుడి చెప్పుచేతల్లోకి వస్తుంది. బురుజు చేతికొస్తే కోట వస్తుంది. కోట వస్తే రాజ్యం.

బురుజు కింద అప్పటికే పట్టుగుడారం వేసి ఉంది. కంకణగిరి రాజు త్వరితవర్మ అందులో కూర్చోలేక లేచి, నిలబడలేక కూర్చుని, మళ్లీ లేస్తున్నాడు. ఆయనకు దేనికీ ఆగడం చేతకాదు. మామిడిచెట్టు నాటిన రోజే పిందెలేవని తోటమాలిని అడిగిన మనిషి. గడియలో గట్టిపడే లేపం అనగానే ధూమకర్ణుణ్ణి రాజగురువును చేసింది అందుకే.

సింగమ్మ నేరుగా వెళ్లి ఆయనకు దండం పెట్టింది.

"మహాప్రభో, పై వరుసలో దర్జులు ఊడిపోయి ఉన్నాయి. ఆ సందుల మీద లేపం పూస్తే ముసలివాడి బుగ్గ మీద చందనం పూసినట్టే, లోపలికి పోతుంది. నేనూ నా మేనల్లుడూ ఆ సందులు సున్నంతో నింపేస్తాం."

"ఎప్పటికవుతుంది?"

"గురువుగారి ముహూర్తం లోపు."

లోపు అనే మాట వింటే రాజుకు పాయసం తాగినట్టుంటుంది. "అయితే ఇంకా ఇక్కడెందుకున్నారు?" అన్నాడు.

గుడారం పక్క నుంచి ధూమకర్ణుడు వచ్చాడు. పొడుగాటి మనిషి. మోకాళ్ల దాకా నల్లకంబళి, మొహం నిండా విభూతి, చేతిలో పాముతల దండం. చెవుల్లోంచి సన్నగా పొగ వస్తూ ఉంటుంది. దాన్ని జనం తపస్సు వేడి అనుకుంటారు.

"సున్నం ఎండడానికి నెలలు పడుతుంది ప్రభూ. ఇది ముసలిదాని మోసం" అన్నాడు.

"ఎండేది తరవాత సంగతి. నింపడం ఇప్పుడే అయిపోతుందంటోంది కదా" అన్నాడు రాజు. ఆయన దృష్టిలో మొదలుపెట్టిన పని సగం అయినట్టే.

రాజు ముందు ఎదురు చెప్పలేక ధూమకర్ణుడు పళ్లు కొరుక్కుని, లేపం పని కోసం బురుజుకు కట్టిన పరంజా వెనక్కి తప్పుకున్నాడు. వాడి కంబళి అంచు వెదురుగడల సందులో కనిపిస్తూనే ఉంది. సింగమ్మ అది చూసీ చూడనట్టు గాడిద మీంచి ఒక కుండ దించి, గొంతు తగ్గించింది. గొంతు తగ్గించినా సింగమ్మ మాట రెండు వీధులకు వినిపిస్తుంది.

"ఒరే ఎల్లప్పా, ఈ కుండ జాగ్రత్త. కరక్కాయ దంచి, బెల్లం వేసి ఊరబెట్టిన నీళ్లు. మన సున్నం రాయిని పట్టుకుని వదలదంటే ఇందువల్లే. ఇది కడుపునిండా తాగినవాడి ఒళ్లు వజ్రమైపోతుంది. మా తాత తాగాడు, ఆయన్ని కత్తి నరకలేకపోయింది. ఎవరికీ చెప్పకు."

మణికేతు ఏమీ అర్థంకాక తల ఊపాడు. ఇద్దరూ గాడిదకు గడ్డి వేసే నెపంతో అటు తిరిగారు. మళ్లీ ఇటు తిరిగేసరికి కుండ ఖాళీ. పరంజా వెనక ఎవరో మూతి తుడుచుకున్న చప్పుడు.

"అంతా తాగేశాడు. నిజంగా ఒళ్లు వజ్రమవుతుందా?" అని మణికేతు చెవిలో అడిగాడు.

"ఒక చెంచాడు తాగితే కడుపు శుభ్రమవుతుంది. కుండెడు తాగినవాణ్ణి నేనింకా చూడలేదు. చూద్దాం" అంది సింగమ్మ.

బురుజు లోపలి మెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. చేత్తో తడిమితే గోడలు చెమటపట్టి జారిపోతున్నాయి. రాళ్ల మీద ఉప్పు పూసి, వేలు తగిలితే చాలు, పొట్టు పొట్టుగా రాలుతోంది. సింగమ్మ ఎక్కడికక్కడ ఆగి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు గోడ మీద అరచేయి ఆనించి, పెదవి కొరుక్కుని ముందుకు నడిచింది. 

పైకి చేరేసరికి ధూమకర్ణుడు పరంజా మీదుగా ముందే ఎక్కి అక్కడ ఉన్నాడు. పై అంచున గిన్నెలో లేపం పెట్టుకుని, దండం ఆనించి, కళ్లు మూసి మంత్రం అందుకున్నాడు. ఆకాశం తెల్లగా మండుతోంది. కింద ఊరు అరచేతిలో గవ్వలంత ఉంది. మంత్రం వేగం పుంజుకునే కొద్దీ గిన్నెలోని లేపం బుడగలు కట్టి, జలగలా అంచు దాటి పై వరుస వైపు పాకసాగింది.

మణికేతు చేయి నడుం దగ్గర లేని కత్తి కోసం వెతికింది. సింగమ్మ అతని మోచేయి పట్టి ఆపింది.

అప్పుడు ధూమకర్ణుడి కడుపులో ఉరిమింది.

మంత్రం ఒక్క క్షణం తడబడింది. వాడు నుదురు తుడుచుకుని మళ్లీ అందుకున్నాడు. మళ్లీ ఉరిమింది. ఈసారి కింద గుడారంలో రాజు తల ఎత్తి మబ్బుల కోసం చూశాడు. ధూమకర్ణుడి చెవుల పొగ ఆగిపోయింది. మొహం విభూతి కింద పచ్చబడింది. వాడు ఒంటి మీది కంబళి విసిరికొట్టి, దండం గోడకు వదిలేసి, రెండు చేతులా పంచె పట్టుకుని మెట్ల మీద మాయమయ్యాడు. పాకుతున్న లేపం ఉన్నచోటే ఆగిపోయింది.

"పని మొదలెట్టండి బాబుగారూ" అంది సింగమ్మ.

మణికేతు ఉలి అందుకోబోతే ఆమె లాగేసుకుని చెక్కపుల్ల చేతికిచ్చింది. "ఇనుము వద్దు. అన్నగారి ముక్కు ఎటువైపుందో మనకు తెలియదు కదా."

ఆ కొత్త రాయి చుట్టూ చచ్చిన మట్టీ ఉప్పూ గోకాడు మణికేతు. అతని అరచేతులు కత్తి పిడికి అలవాటుపడ్డవి. ఈ పనికి కాసేపట్లోనే బొబ్బలు కట్టాయి. చివరి సందులోని దుమ్ము ఊదేసరికి రాయి కదిలింది. హాచ్ మని తుమ్మింది.

"ఎవడ్రా నా చెవిలో గోకేది?" అంది.

మణికేతు చేతిలోని పుల్ల జారిపోయింది. ఆ గొంతు అతనికి గుర్రమెక్కడం నేర్పిన గొంతు.

"అన్నయ్యా, నేను మణికేతుని."

 రాయి మెల్లగా, "బక్కచిక్కావా తమ్ముడూ? గొంతు నీరసంగా ఉంది" అంది.

"తట్టలు మోస్తున్నానులే."  రాయికి రెండు వైపులా వేళ్లు దూర్చాడు. "ఆగు, ఇప్పుడే లాగేస్తాను."

"లాగితే నా చేతిలో దెబ్బలు తింటారు" అంది సింగమ్మ. ఆమె గోడకు చెవి ఆనించి ఉంది. "పైనున్న కమాను బరువంతా ఈయన మీదే పడుతోంది. ఈ రాయి తీస్తే కమాను కూలుతుంది. కమానుతో బురుజు. దాని కింద సాలెవీధి."

మణికేతు కిందికి చూశాడు. వీధిలో ఎవరో ఆరేసిన నూలు రంగురంగులుగా గాలికి ఊగుతోంది.

"ఆమె మాట విను. కిందివాళ్ల మగ్గాల చప్పుడు ఒక్కటే నాకు ఇన్నాళ్లూ తోడు. నేను ఉంటాను" అన్నాడు రత్నకేతు. "అయితే దారి లేకపోలేదు. ధూమకర్ణుడు తనలో తాను గొణుక్కుంటుంటే విన్నాను. నడిసముద్రంలో నత్తదీవి ఉంది. అక్కడి తెల్లగవ్వలు కాల్చి తీసిన సున్నంతో నా చుట్టూ దర్జు నింపితే, అది ఆరేసరికి నేను మనిషినవుతానట."

"అప్పుడు ఈయన చోట నిలబెట్టే రాయి నేను చెక్కించి ఉంచుతాను. ఒకరు దిగేలోపు ఒకరు ఎక్కాలి, అంతే కదా" అంది సింగమ్మ, పక్కింటివాళ్ల పెళ్లి పనులు మాట్లాడినంత తేలికగా.

ఆమె సందుల్ని నీళ్లతో తడిపి, గానుగలో మెత్తగా నూరి తెచ్చిన సున్నం తాపీతో కూరి, బొటనవేలితో నొక్కింది. చల్లటి సున్నం తగిలి రత్నకేతు హాయిగా నిట్టూర్చాడు. ఆ పైన తడి గోనెపట్టా కప్పింది.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. "గురువుగారూ, ఇంకా అవలేదా? గురువుగారూ?" రాజు ఆగలేక తనే ఎక్కి వస్తున్నాడు. వెనక భటులు.

మణికేతు ఆలోచించలేదు. కింద పడి ఉన్న నల్లకంబళి కప్పుకున్నాడు. విభూతి లేదు కనుక సున్నం తీసి మొహానికి పామాడు. పాముతల దండం పట్టుకుని గోడ వైపు నీడలో నిలబడ్డాడు. రాజు వచ్చేసరికి సున్నం కళ్లలో మండి, నీళ్లు ధారగా కారుతున్నాయి.

"గురువుగారూ, ఏడుస్తున్నారా?" అన్నాడు రాజు కంగారుగా.

"ఈ గోడల బాధ చూసి" అన్నాడు మణికేతు గొంతు బొంగురు చేసి. "నాకు ఇప్పుడే దర్శనమైంది రాజా. నల్లలేపం అపచారం. కోటలో ఎక్కడ ఉంటే అక్కడ గోకించెయ్యి. సున్నం పనివాళ్లను పిలిపించు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

రాజు మొహం వెలిగిపోయింది. పూయడం ఎంత ఇష్టమో ఆయనకు గోకడం కూడా అంతే ఇష్టం, ఇప్పుడే అయితే చాలు.

అప్పుడే ధూమకర్ణుడు మెట్లెక్కి వచ్చాడు. కంబళి లేదు, దండం లేదు, విభూతి చెమటకు కరిగిపోయింది. సన్నటి కాళ్లతో, వేలాడే పొట్టతో, జుట్టు రేగిన ముసలివాడు. "ప్రభూ, వాడు దొంగ. గురువును నేను" అని రొప్పుతూ అన్నాడు.

రాజు కంబళి వైపు చూశాడు. పంచె వైపు చూశాడు. ఆలోచించడానికి సమయం పడుతుంది కనుక ఆలోచించలేదు. "పట్టుకోండి ఆ పిచ్చివాణ్ణి" అన్నాడు.

భటులు రెండు రెక్కలూ పట్టుకున్నారు. ధూమకర్ణుడి కళ్లు ఎర్రబడ్డాయి. తల పైకెత్తి, "లేపమా, లే" అని కేక వేశాడు.

కోట వణికింది. బురుజు మీది నల్లలేపం పెళపెళమంటూ ఊడిపోయింది. ప్రాకారాల మీదిదీ, గుమ్మాల మీదిదీ, గుర్రపుశాల మీదిదీ, అంతా గోడలు వదిలి గాల్లోకి లేచింది. ఇన్నాళ్లకు వెలుగు చూసిన రాళ్ల మీంచి ఆవిరి పొగలా లేచింది. ఊడిన లేపమంతా బురుజు పైన సుడి తిరిగి ముద్ద కట్టి, చూస్తుండగానే కొండంత దున్నపోతైంది. వీపుకు గబ్బిలం రెక్కలు, మూతికి నిప్పుల ముక్కుపుడక. అది బురుజు అంచు మీద ముందు గిట్టలు ఆనించి తల వంచింది.

"పిలిచిన గొంతు ఒకచోట ఉంది. నా దండం ఒకచోట ఉంది. నా యజమాని ఎవరు?" అంది.

ధూమకర్ణుడు నోరు తెరిచాడు. మాట వచ్చే లోపల కడుపులో మళ్లీ ఉరిమింది. వాడి మొహం మెలికలు తిరిగింది. పట్టుకున్న భటులు వాసన గ్రహించి చేతులు వదిలేశారు. వాడు మెట్ల వైపు పరుగెత్తాడు.

"నేను" అన్నాడు మణికేతు.

దున్నపోతు అతన్ని ముక్కుతో ఒకసారి మూచూసింది. "అయితే ఎక్కు."

మణికేతు సింగమ్మ చేయి పట్టుకుని దాని మెడ మీదికి ఎగిరాడు. సింగమ్మ కూర్చుని, చీర సర్దుకుని, వెనక్కి తిరిగి రాజును పిలిచింది.

"ప్రభూ, ఆ గోనెపట్టా ఆరనివ్వకూడదు. పొద్దునా సాయంత్రం తమరే నీళ్లు చల్లాలి. ఇంకెవరికైనా అప్పగిస్తే గురువుగారికి కోపం వస్తుంది. తొందరపడితే సున్నం పగులుతుంది."

"ఎన్నాళ్లు?" అన్నాడు త్వరితవర్మ నీరసంగా.

"మేము వచ్చేదాకా."

దున్నపోతు రెక్క విదిలించింది. కోట గిర్రున తిరిగి కిందికి పోయింది. సాలెవీధి, నూలు, రేవు, తెరచాపలు, అన్నీ చూస్తుండగా చుక్కలై చెరిగిపోయాయి. ముందు నీలం తప్ప ఏమీ లేదు. మణికేతు కళ్లలోని సున్నం తుడుచుకుని, గొంతు మళ్లీ బొంగురు చేసి, "నత్తదీవికి పోనియ్" అన్నాడు.

"ఆ గొంతు కష్టపెట్టుకోకు. నువ్వు వాడివి కావని ముందే తెలుసు" అంది దున్నపోతు.

మణికేతు దండం గట్టిగా పట్టుకున్నాడు. "తెలిసీ ఎందుకు ఎక్కించుకున్నావు?"

"వాడి మాట వింటే మళ్లీ గోడలకు అంటుకుని పడి ఉండాలి. నువ్వు ఎక్కడికో తీసుకుపోయేలా కనిపించావు. నాకు పుట్టి బుద్ధెరిగాక గోడ తప్ప మరోటి తెలియదు."

"చూశారా బాబుగారూ, పాపం, గోడకేనా బాధ, లేపానికీ బాధే" అంది సింగమ్మ. దాని మెడ తట్టింది కూడా.

సూర్యుడు పడమటికి వాలే వేళ నీళ్ల మీద తెల్లగా మెరుస్తూ దీవి కనిపించింది. గుండ్రటి గుట్ట, గుట్ట చుట్టూ మెట్లు మెట్లుగా మలుపు తిరిగిన చారలు, చారల పొడవునా మేటలు వేసిన తెల్లగవ్వలు. దున్నపోతు దాని మీద ఒక చుట్టు తిరిగి, రెక్కలు ఆడించడం తగ్గించి, గుసగుసగా అంది.

"నేను వాలను. నా బరువుకు లేస్తుంది. మీరు మెల్లగా జారండి. మాటలు వద్దు."

"ఏది లేస్తుంది?" అన్నాడు మణికేతు.

"దీవి అన్నది మీ మనుషులు పెట్టిన పేరు. అది నత్త. నిద్రపోతోంది."

మణికేతు సింగమ్మ వైపు చూశాడు. సింగమ్మ కమ్మలు చప్పుడు కాకుండా రెండూ తీసి కొంగున ముడివేసుకుంది. అతను దున్నపోతు తోక పట్టుకుని జారి, మునివేళ్ల మీద దిగాడు. కాలి కింద నేల తడిగా, మెత్తగా, వెచ్చగా ఉంది. వంగి మొదటి గవ్వ మీద చేయి వేశాడు.

ఎదురుగా, గుట్ట అవతల, తాటిచెట్టంత కొమ్ము ఒకటి నిదానంగా పైకి లేచింది. దాని కొసన ఉన్న కన్ను రెప్ప విప్పి, ఇటు తిరిగింది.